అనంతపురం మెట్టసీమలో వృద్ధాశ్రమాలు: నివాసుల గౌరవం, స్వేచ్ఛ, ఎంపిక

సొంత ఇంట్లో ఒంటరిగా బతకలేని పెద్దవాళ్ళు, దగ్గరుండి చూసుకునే మనిషి లేని వికలాంగులు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళు దీర్ఘకాలం ఉండే చోట్లను సంరక్షణ గృహాలంటారు. అనంతపురం ప్రాంతంలో వీటిలో జనానికి బాగా తెలిసినవి వృద్ధాశ్రమాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ వ్యాసంలో అనంతపురం అంటే పాత ఉమ్మడి జిల్లా మొత్తం. ఇక్కడి ఆశ్రమాలు చాలావరకు విరాళాల మీద నడుస్తాయి. కొన్నిటికి ప్రభుత్వ గ్రాంటు ఉంటుంది. నెలకింత అని కట్టించుకునేవి పట్టణాల్లో కనిపిస్తాయి. ఇన్నాళ్ళూ వీటి మంచిచెడ్డలను కూడు, గుడ్డ, మందుబిళ్ళల లెక్కతోనే చూశారు. అక్కడ ఉంటున్న మనిషి మాట తన రోజు మీద, తన ఒంటి మీద, తన డబ్బు మీద ఎంతవరకు చెల్లుతోంది అన్నది ఎవరూ అంతగా అడగలేదు. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

ఎవరు వస్తారు

పడమటి కనుమల వాననీడలో ఉన్న ఈ పీఠభూమికి నైరుతి రుతుపవనాలు అరకొరగా వస్తాయి, ఈశాన్య రుతుపవనాలు తీరం దగ్గరే అలసిపోతాయి. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అదీ అదను తప్పి పడుతుంది. దశాబ్దాల తరబడి వేరుశనగ ఒక్కటే నమ్ముకున్న మెట్టరైతు వరుసగా రెండేళ్ళు పంట పోతే అప్పు తీర్చలేక బయలుదేరతాడు. హిందూపురం వైపు వాళ్ళకు బెంగళూరు రెండు మూడు గంటల దారి. కదిరి, తనకల్లు వైపు నుంచి కేరళకు, గల్ఫుకు వెళ్ళినవాళ్ళు ఎందరో. వెళ్ళేది వయసులో ఉన్నవాళ్ళు. ఇల్లు, ఒకటో రెండో పశువులు, బీడుపడ్డ చేను అవ్వాతాతల చేతిలో మిగులుతాయి.

పింఛను, రేషన్ బియ్యం, పక్కింటివాళ్ళు పెట్టే కూర మీద ఈ బతుకు ఏళ్ళ తరబడి సాగిపోతుంది. అవ్వ జారిపడి తుంటి విరిగిన రోజున అది ఆగిపోతుంది. కొడుకు రెండు రోజుల సెలవు మీద వస్తాడు, ఆసుపత్రి అయ్యాక ఎవరో చెప్పిన ఆశ్రమానికి ఆటోలో తీసుకుపోతాడు. కొడుకును నిందించి లాభం లేదు. బెంగళూరులో అతను ఉంటున్నది రేకుల షెడ్డులో కావచ్చు. అయినా ఆ రెండు రోజుల్లో అవ్వను ఎవరూ ఒక మాట అడగకపోవడం మాత్రం నిజం. ఆశ్రమంలో గౌరవం అనే విషయం ఆ గేటు దగ్గరే మొదలవుతుంది. లోపల ఏముంటుందో ముందుగా ఒకసారి చూపించడం, నెల రోజులు ఉండి చూడమనడం, నచ్చకపోతే వేరే దారి ఏముందో చెప్పడం ఖర్చు లేని పనులు. వాటిని మొదటిరోజు చేయకపోతే, ఆ తర్వాత ఎంత బాగా చూసుకున్నా ఆమెకు అది తనను వదిలేసిన చోటుగానే మిగిలిపోతుంది.

కరువు సాయం నుంచి వచ్చిన అలవాట్లు

ఇక్కడి ఆశ్రమాల తీరు అర్థం కావాలంటే కరువుల చరిత్రలోకి కొంత వెనక్కి వెళ్ళాలి. 1876–78 నాటి ధాత కరువులో అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగం. 1882లో వేరు జిల్లా అయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువుకు బాగా దెబ్బతిన్న వాటిలో బళ్లారి ప్రాంతం ఒకటి. కూలికి పోలేని ముసలివాళ్ళకు, రోగిష్టివాళ్ళకు అప్పుడు రెండు రకాల సాయం అందింది. ఒకటి, శిబిరంలో కూర్చోబెట్టి వండిన అన్నం పెట్టడం. రెండోది, ఊళ్ళోనే గ్రామాధికారి ద్వారా చేతికి నాలుగు డబ్బులు ఇవ్వడం. శిబిరాలంటే జనం జంకేవారు. ఇల్లు వదలడం, ఎవరు వండారో తెలియని అన్నం తినడం, కాపలా మధ్య ఉండడం వాళ్ళకు చిన్నతనంగా తోచేది. 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషన్ కూడా పని చేయలేనివాళ్ళకు వీలైనంతవరకు వాళ్ళ ఊళ్ళోనే సాయం అందాలని చెప్పింది.

ఆ రెండు దారులూ ఇప్పటికీ ఉన్నాయి. నెల పింఛను ఊళ్ళో చేతికిచ్చే సాయానికి కొనసాగింపు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 దాకా రూ. 200 ఉన్న వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి రూ. 4,000 అయింది. వికలాంగులకు రూ. 6,000, మంచం పట్టినవాళ్ళకు రూ. 15,000 ఇస్తున్నారు. ఈ డబ్బు ఎంతోమందిని ఆశ్రమం గేటు దాకా రాకుండా ఆపిందని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు. కోడలి చేతిలో ఒకటో తేదీన నాలుగు వేలు పెట్టగలిగిన అత్త మాటకు ఇంట్లో విలువ పెరుగుతుంది.

ఆశ్రమాలు మాత్రం అన్నదానం దారిలో వచ్చినవి. 1950ల మొదట్లో రాయలసీమ కరువుకు తెరిచిన గంజి కేంద్రాలు కానీ, మఠాల సత్రాలు కానీ, చర్చి నడిపిన అనాథ గృహాలు కానీ ఎంతో ప్రాణాన్ని నిలబెట్టాయి. వాటి మంచితనం మీద అనుమానం లేదు. కానీ ఆకలి శిబిరంలో వరుసలో నిలబడ్డ మనిషిని ఏం వండమంటావని ఎవరూ అడగరు. ఆ పద్ధతి మూడు నెలల కరువుకు సరిపోతుంది. పదిహేనేళ్ళు ఉండబోయే మనిషికి సరిపోదు.

ఇదే నేల మీద మరో పద్ధతి కూడా పుట్టింది. మహారాష్ట్ర నుంచి 1968లో వెళ్ళగొట్టబడిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించాడు. జనం నోట ఆర్‌డీటీ అని నలిగిన ఆ సంస్థ వినికిడి, చూపు, బుద్ధిమాంద్యం సమస్యలున్న పిల్లలకు వసతితో కూడిన బడులు నడిపింది. దాంతో పాటు పల్లెల్లో వికలాంగుల సంఘాలు పెట్టించింది. కాలు లేని మనిషి, చూపు లేని మనిషి రచ్చకట్ట దగ్గర సమావేశమై తమకేం కావాలో తామే తేల్చుకునే పద్ధతి దానివల్ల జిల్లాలో చాలా ఊళ్ళకు అలవాటైంది. వృద్ధాశ్రమాలు ఈ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నెలకోసారి నివాసులు కూర్చుని వంట గురించి, నీళ్ళ గురించి, ఆయాల ప్రవర్తన గురించి మాట్లాడి, రాసి పెట్టుకునే సంఘం ఉంటే సగం సమస్యలు వార్డెన్ దాకా రాకుండానే తీరతాయి.

ఒక రోజు లోపల

గౌరవం పెద్ద మాటగా వినిపిస్తుంది కానీ ఆశ్రమంలో అది చాలా చిన్న విషయాల్లో ఉంటుంది. తిండినే తీసుకుందాం. ఈ జిల్లా పెద్దవాళ్ళు రాగి సంగటి మీద పెరిగినవాళ్ళు. సంగటి ముద్ద గుంట చేసి అందులో ఉలవచారో, చెనక్కాయల ఊరిబిండో, ఆకుకూర పప్పో వేసుకుంటే వాళ్ళకు తిన్నట్టు ఉంటుంది. దాతలు బియ్యం బస్తాలు ఇస్తారు కాబట్టి ఆశ్రమంలో మూడు పూటలా అన్నమే వండుతారు. సంగటి గెలకడానికి ఓపిక, చేతిబలం కావాలి. వంటమనిషి ఒక్కతే ఉంటే కుదరదు. కానీ వారానికి రెండు రోజులైనా సంగటి ఉండాలా, ఏ రోజు ఉండాలి అని అడిగితే చెప్పేవాళ్ళు అక్కడే కూర్చుని ఉన్నారు. పళ్ళు లేనివాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు సంగటే మేలని వాదించేవాళ్ళూ ఆ గుంపులోనే దొరుకుతారు. ఆకు వక్క సంగతీ అంతే. ఆరోగ్యం పేరుతో ఆశ్రమాలు దాన్ని నిషేధిస్తాయి. డాక్టరు వద్దన్నది చెప్పాలి, పుగాకు హాని వివరించాలి. అరవై ఏళ్ళుగా భోజనం చేశాక ఆకు నమిలిన మనిషి సంచి వెతికి లాక్కోవడం మాత్రం వైద్యం కాదు.

జుట్టు. పేలు పడతాయని, దువ్వేవాళ్ళు లేరని ఆడవాళ్ళకు జుట్టు కురచగా కత్తిరించడం, గుండు చేయించడం కొన్ని చోట్ల మామూలు ఆచారం. తిరుపతిలో మొక్కుకుని ఇచ్చిన తలనీలాలకూ, ఇక్కడ అడగకుండా కోసిన జుట్టుకూ ఉన్న తేడా ఆ తల్లికి బాగా తెలుసు. ముత్తైదువగా బతికిన మనిషికి జుట్టు, కుంకుమ, గాజులు తాను ఎవరో చెప్పే గుర్తులు. వితంతువుకైతే బలవంతంగా చేసిన గుండు మరో చేదు చరిత్రను గుర్తు చేస్తుంది.

నీళ్ళు ఇక్కడ అన్నిటికీ ముడిపడి ఉంటాయి. వేసవిలో బోరు ఎండి ట్యాంకరు మీద ఆధారపడ్డ రోజుల్లో స్నానాలకు వరుస పెడతారు. అందరినీ పెరట్లో కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరికి పోసేస్తే నీళ్ళూ కాలమూ మిగులుతాయి. ఆ మిగులుబాటు మనిషి సిగ్గును ఖర్చు చేసి సంపాదించింది. అరబకెట్ నీళ్ళతోనైనా తలుపు వేసుకుని పోసుకోవచ్చు. ఒక చాప అడ్డం కట్టినా చాలు.

భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ళు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళకు వెన్ను వంగి, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి వాళ్ళకు నరకం. కూర్చోలేక, లేవలేక, ఆయాను పిలవడానికి మొహమాటపడి నీళ్ళు తాగడమే తగ్గించే పెద్దవాళ్ళుంటారు. కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ, మోకాలెత్తు మంచం, రాత్రిపూట దారిలో ఒక బల్బు ఉంటే వాళ్ళ పని వాళ్ళే చేసుకుంటారు. స్వతంత్రంగా బతకడం అంటే వృద్ధాశ్రమంలో మొదట ఇదే. ఏది చేయగలరో దాన్ని ఆయాలు తొందరపడి తామే చేసేస్తే ఆరు నెలల్లో ఆ చేయగలిగే శక్తి కూడా పోతుంది.

పని విషయం కొంచెం జాగ్రత్తగా చూడాలి. విత్తనాల కాలం ముందు చెనక్కాయలు ఒలవడం, హిందూపురం వైపు చింతపండు గింజ తీయడం ముసలి చేతులు కూడా చేసే పనులు. ఆశ్రమంలో ఊరికే కూర్చుంటే పొద్దుపోని పల్లె మనిషి పని ఇమ్మని తానే అడుగుతుంది. ఇవ్వడం మంచిది. కానీ అడిగి చేసిన పనికీ, చేయించుకున్న పనికీ మధ్య గీత ఉంది: వద్దన్నప్పుడు ఆపగలగాలి, ఒలిచిన గింజకు కూలి ఆమె చేతికి రావాలి. ఆ కూలితో ఆమె మనవడికి ఓ బిస్కెట్ పొట్లం కొనగలిగితే, ఆ మనవడు వచ్చిన రోజు ఆమె అవ్వగా ఉంటుంది, అనాథగా ఉండదు.

భాష కూడా లెక్కలోకి రావాలి. మడకశిర, రాయదుర్గం వైపు ఇళ్ళలో కన్నడ మాట్లాడే కుటుంబాలున్నాయి. తండాల్లో లంబాడీ, పట్టణాల్లో ఉర్దూ వినిపిస్తుంది. మతిమరుపు ముదిరినప్పుడు తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవడం తరచు కనిపిస్తుంది. తెలుగులో బదులు చెప్పలేని ముసలాయన మొండివాడు కాకపోవచ్చు. అతనితో కన్నడలో మాట్లాడే మనిషి దొరికితే చాలు.

దాతల రాక

తెలుగునాట వృద్ధాశ్రమాల్లో బాగా కనిపించే సమస్య ఒకటుంది, దాని గురించి రాసేవాళ్ళు తక్కువ. పుట్టినరోజులకు, పెళ్ళిరోజులకు, వర్ధంతులకు ఆశ్రమాల్లో భోజనాలు పెట్టించడం ఇప్పుడు పట్టణ కుటుంబాల ఆచారం. ఆ భోజనాలే చాలా ఆశ్రమాలను నిలబెడుతున్నాయి, కాబట్టి కసురుకోవడం న్యాయం కాదు. అయితే దాతలు ఒంటిగంటకు వస్తామని రెండున్నరకు వస్తారు. అంతదాకా ఇన్సులిన్ వేసుకున్న పెద్దాయన విస్తరి ముందు కూర్చుని ఉంటాడు. కేకు కోస్తారు, అందరూ చప్పట్లు కొట్టాలి. బిడ్డను ఆశీర్వదించాలి. చీర ఇచ్చేటప్పుడు కెమెరా వైపు చూడాలి. సాయంత్రానికి ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది, బెంగళూరులో ఉన్న చుట్టాలు చూస్తారు. తల్లి ఆశ్రమంలో ఉన్న సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పుకోని కుటుంబాలున్నాయి. ఆ తల్లే తన ముఖం బయటికి రాకూడదని కోరుకోవచ్చు.

భోజనం వేళకు పెట్టేయాలి, దాతలు వచ్చినప్పుడు కలుస్తారు. ఫొటో ఎవరికి ఇష్టమో వాళ్ళనే తీయాలి. గదిలో పడుకున్నవాళ్ళను లేపి తీసుకురాకూడదు. ఈ మూడు విషయాలు గేటు దగ్గర బోర్డు మీద రాస్తే దాతల్లో చాలామంది సంతోషంగా పాటిస్తారు. చెప్పేవాళ్ళు లేకనే వాళ్ళకు తెలియలేదు. నెలకోసారి వచ్చి ఒకే తాతతో గంటసేపు మాట్లాడి వెళ్ళే మనిషి విలువ వంద భోజనాల విలువకు తక్కువేమీ కాదు.

చట్టం ఏమంటుంది

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఈ విషయంలో మూల చట్టం. పోషణ కోరే వృద్ధులు రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు; కొత్త అనంతపురం జిల్లాలో అనంతపురం, గుంతకల్లు, కళ్యాణదుర్గం డివిజన్ కేంద్రాలు. నెలకు గరిష్ఠంగా రూ. 10,000 దాకా పోషణ ఇప్పించవచ్చు. పెద్దవాళ్ళను దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, రూ. 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వృద్ధుల మేలు కోరే దృష్టితో చదవాలని చెప్పింది. నాలుగెకరాల మెట్టచేను కొడుకుల పేర రాసి ఆశ్రమం చేరిన రైతుకు ఈ సెక్షన్ తెలిసి ఉండడం అవసరం. వాడుకుంటాడా లేదా అన్నది అతని ఇష్టం. చాలామంది వాడుకోరు, పిల్లల మీద కేసు పెట్టడం వాళ్ళకు మనసొప్పదు. ఆ నిర్ణయాన్నీ గౌరవించాల్సిందే.

19వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు దశలవారీగా ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చాలే ఆశ్రమం పెట్టవచ్చు. పెట్టవచ్చు అనే ఉంది, పెట్టాలి అని లేదు. అదే సెక్షన్ ఆశ్రమాల ప్రమాణాల గురించి మాట్లాడుతూ వైద్యాన్ని, వినోదాన్ని పేర్కొంది. నివాసి ఏకాంతం, ఇష్టం, ఫిర్యాదు హక్కు దాని దృష్టికి రాలేదు. 2018 డిసెంబరు 13న అశ్వనీ కుమార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు గౌరవంగా బతికే హక్కు వృద్ధులకు రాజ్యాంగం 21వ అధికరణం కింద ఉందని గుర్తుచేసి, జిల్లాల వారీగా ఆశ్రమాల వివరాలు సేకరించమంది. సంరక్షణ గృహాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తెచ్చే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. చట్టం కాకుండానే 2024లో ఆ సభతో పాటు మురిగిపోయింది.

2007 చట్టం పక్కన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో షెడ్డుకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు కదల్లేక కాలిపోయారు. 28 మంది చనిపోయారు. ఆ తర్వాత దేశంలో మొదలైన ఆలోచన ఫలితం ఈ చట్టంలో కనిపిస్తుంది. దాని 20వ సెక్షన్ ఏకాంతం ఉండాలంటుంది, బలవంతంగా గుండు చేయకూడదంటుంది, యూనిఫాం తొడగకుండా సొంత బట్టలు కట్టుకోనివ్వాలంటుంది, బలవంతపు పని వద్దని, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని చెబుతుంది. గొలుసులు పూర్తిగా నిషేధం. వికలాంగుల హక్కుల చట్టం (2016) ఎవరినీ ఫలానా చోటే ఉండాలని కట్టడి చేయకూడదంటుంది. మానసిక రోగికి మాట మాటగా రాసిచ్చిన ఈ హక్కులు మామూలు వృద్ధాశ్రమంలో ఉన్న అవ్వకు ఏ చట్టంలోనూ ఇంత స్పష్టంగా లేవు. ఇది సరిదిద్దాల్సిన లోపం.

బయటి ప్రపంచంలో

ఐక్యరాజ్యసమితి 1991లో ఆమోదించిన వృద్ధుల సూత్రాలు ఏ గృహంలో ఉన్నా మనిషి గౌరవం, నమ్మకాలు, ఏకాంతం, తన సంరక్షణ మీద తానే నిర్ణయించుకునే హక్కు చెక్కుచెదరకూడదని చెప్పాయి. అమెరికా 1987లో నర్సింగ్ హోముల సంస్కరణ చట్టంతో నివాసుల హక్కుల జాబితా తెచ్చి, మంచానికి కట్టేయడాన్ని కట్టడి చేసింది. అంతకు ముందే, 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక నర్సింగ్ హోములో చేసిన ప్రయోగం పేరు పొందింది. ఒక అంతస్తులో వాళ్ళకు మీ నిర్ణయాలు మీవే అని చెప్పి, ఒక మొక్కను ఎంచుకుని పెంచుకోమన్నారు, సినిమా ఏ రోజు చూడాలో వాళ్ళనే తేల్చుకోమన్నారు. మరో అంతస్తులో అంతా సిబ్బందే చూసుకున్నారు. మూడు వారాల తర్వాత మొదటివాళ్ళు చురుగ్గా, ఉల్లాసంగా కనిపించారు. నమూనా చిన్నది కాబట్టి దాని నుంచి పెద్ద లెక్కలు తీయకూడదు కానీ, ఆశ్రమాలు నడిపేవాళ్ళు ఒకసారి చదవదగ్గ ప్రయోగం.

చివరి రోజుల నిర్ణయాలు

రాయలసీమలో చాలా కులాల్లో, ముస్లింలలో, క్రైస్తవుల్లో, లింగాయతుల్లో చనిపోయినవాళ్ళను పూడ్చిపెడతారు. తమ చేను గట్టునో, ఊరి మిట్ట మీద మొగుడి పక్కనో ఉండాలని కోరుకునేవాళ్ళుంటారు. ఆశ్రమంలో ఎవరైనా పోతే, బంధువులు సమయానికి అందకపోతే, దగ్గరి శ్మశానంలో దహనం చేసేస్తారు. చేరే రోజు కాగితంలో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకుని, తెలిసిన ఊరివాళ్ళ ఫోన్ నంబరు పక్కన పెట్టుకుంటే ఈ అన్యాయం జరగదు. వైద్యం ఎంతవరకు చేయాలన్నది కూడా ముందే రాసి పెట్టుకోవచ్చు. వెంటిలేటరు వంటివి వద్దని ముందస్తుగా రాసిచ్చే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేస్తే చాలన్నది.

వేధింపులు, నిర్లక్ష్యం ఎదురైతే పెద్దవాళ్ళు ఫోన్ చేయడానికి దేశమంతటికీ 14567 అనే నంబరు ఉంది. ఆశ్రమంలో ఉన్న ఒకే ఒక ఫోన్ వార్డెన్ బల్ల మీద ఉంటే ఆ నంబరు వల్ల ఉపయోగం లేదు. కీప్యాడ్ ఫోన్ నాలుగైనా వరండాలో అందుబాటులో పెట్టి, నంబరును పెద్ద అక్షరాల్లో గోడ మీద రాయాలి. ఇలాంటివి ప్రమాణాలుగా మార్చడానికి ఢిల్లీ బిల్లు కోసం ఎదురుచూడక్కర్లేదు. 2007 చట్టం కింద నియమాలు రాసే అధికారం 32వ సెక్షన్ రాష్ట్రానికే ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ 2011లో తన నియమాలు రాసుకుంది కూడా. ఏకాంతం, జుట్టు, సొంత బట్టలు, సొంత డబ్బు, నివాసుల సంఘం, ఫొటోకు అనుమతి అన్న ఆరు అంశాలను వాటికి చేర్చి, గ్రాంటు తీసుకునే ప్రతి ఆశ్రమానికీ షరతుగా పెట్టడం సచివాలయం చేతిలో ఉన్న పని.